ఇసుకను చూసి ఇసుకలా మారే చేప

ఈరోజు చెప్పుకోదగ్గ విషయమేమీ జరగలేదు. ఆఫీసు పని అయ్యాక, సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ పాపతో కలిసి సముద్రం అడుగున తీసిన వీడియో ఒకటి చూశాను. తెరనిండా ఇసుక, గులకరాళ్లు. "అమ్మా, అక్కడ రెండు కళ్లున్నాయి!" అంది పాప. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసినా నాకు కనబడలేదు. తీరా ఇసుక కొంచెం కదిలింది. చేప!

అది ఫ్లౌండర్. పళ్లెంలా బల్లపరుపుగా ఉండే ఫ్లాట్‌ఫిష్‌లలో ఒకటి. ఇవి పిల్లలుగా ఉన్నప్పుడు మామూలు చేపల్లాగే ఈదుతాయి, తలకు చెరోవైపు ఒక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను నెత్తివైపు జరుగుతూ రెండోదాని పక్కకు చేరిపోతుంది. అప్పుడిక పక్కకు ఒరిగి నేలమీదే బతుకు. మనం వీపనుకునేది నిజానికి దాని డొక్క.

"మరి తన ఒళ్లు తనకు కనబడదు కదా, ఏ రంగు వేసుకోవాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది పాప. పని పక్కన పెట్టేశాను.

అది చూసేది ఒంటిని కాదు, నేలను. కళ్లు చూసినదాన్ని బట్టి మెదడు నరాల ద్వారా చర్మానికి కబురు పంపుతుంది. చర్మంలోని నల్ల కణాల్లో రంగు రేణువులు పరుచుకుంటే ఆ చోటు ముదురవుతుంది, కణం మధ్యకు ముద్దకడితే లేతబడుతుంది. 1911లో సమ్నర్ అనే శాస్త్రవేత్త ఈ చేపలను రకరకాల గళ్ల మీద ఉంచి చూశాడు. కళ్లు కనిపించని చేపలు నేలకు తగ్గట్టు మారలేకపోయాయి. 1996లో రామచంద్రన్ అనే మరో శాస్త్రవేత్త బృందం ఉష్ణమండలపు ఫ్లౌండర్లు 2 నుంచి 8 సెకన్లలోనే మారిపోతాయని చూపింది.

నేలను ఉన్నదున్నట్టు ఒంటిమీద గీసుకుంటుందేమో అనుకునేదాన్ని. అలా కాదు. తనకున్న కొన్ని మచ్చల్లోనే ఒకదాన్ని ముదురు చేసి, ఇంకోదాన్ని తగ్గించి, నేలకు సరిపెట్టుకుంటుంది. నాకు ఇదే ఇంకా గొప్పగా అనిపించింది. పైగా రెక్కలతో ఇసుకను ఎగరేసి ఒంటి అంచులమీద కప్పుకుంటుంది. అంచు కనబడకపోతే ఆకారమే తెలియదు.

పడుకునే ముందు పాప ఆ వీడియో మళ్లీ పెట్టించుకుంది. చేప తెల్లటి ఇసుక మీంచి నల్లరాళ్ల మీదికి జారింది. పాప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో వేలు మడిచేలోపు ఇద్దరికీ కనబడకుండా పోయింది.