ఫాస్ఫేట్‌ను పట్టే పొడులు, నాలుగు గంటల డయాలసిస్

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారి రక్తపరీక్ష నివేదిక చేతికి రాగానే అందరి చూపూ క్రియాటినిన్ మీదే పడుతుంది గానీ, ఆ కింద ఎక్కడో ఉండే ‘ఫాస్ఫరస్’ అంకె అంతకంటే మొండిది (రక్తంలో ఇది ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది). ఆరోగ్యవంతుల రక్తంలో అది డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో 6 దాటడం అరుదేమీ కాదు. అలా పెరిగిన ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది, పారాథైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి ఎముకలను గుల్ల చేస్తుంది, ఒంటి మీద దురదనూ పెంచుతుంది.

మా బాబాయి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కేంద్రంలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. సూక్ష్మరంధ్రాలున్న పదార్థాలను తయారుచేసి పరీక్షించడం నా వృత్తి. భోజనంతో పాటు, తిండిలోని ఫాస్ఫేట్‌ను పేగులోనే పట్టేసే పెద్ద పెద్ద సెవెలమర్ మాత్రలు మింగి మింగి విసిగిపోయిన ఆయన ఒకరోజు, “ఒరేయ్, నీళ్ళలోంచి ఫాస్ఫేట్ లాగే పొడులేవో మీ ల్యాబులో చేస్తారు కదా, వాటినే ఒక గొట్టంలో కూరి నా రక్తాన్ని అందులోంచి పంపిస్తే ఈ మాత్రల బాధ తప్పుతుంది కదరా?” అని అడిగారు. పైకి అమాయకంగా వినిపించినా, ఈ రంగంలో వస్తున్న పరిశోధనపత్రాలలో సగం ఆ ప్రశ్ననే గంభీరమైన భాషలో అడుగుతున్నాయి కాబట్టి, దానికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా పొడి సంగతి చూద్దాం. రక్తాన్ని బొగ్గు గుండా పంపి శుద్ధి చేయవచ్చునని గ్రీసు దేశపు వైద్యుడు యాట్జిడిస్ 1964లోనే చూపించారు. ఒక గ్రాము ఉత్తేజిత బొగ్గులోని రంధ్రాల గోడలన్నిటినీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు, అంటే మన హైదరాబాదు లెక్కలో దాదాపు 1,200 గజాలు వస్తుంది. అయినా ఆ బొగ్గు క్రియాటినిన్‌ను, యూరిక్ ఆమ్లాన్ని బాగా పట్టుకుంటుందే తప్ప ఫాస్ఫేట్‌ను దాదాపుగా వదిలేస్తుంది. విద్యుదావేశం ఉండి, చుట్టూ నీటి అణువులను గట్టిగా అంటిపెట్టుకుని తిరిగే ఫాస్ఫేట్ అయాన్‌కు బొగ్గు ఉపరితలం మీద పట్టు దొరకదు. అందువల్ల గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లు అన్నది ఈ పనికి దాదాపుగా అక్కరలేని అంకె. ఆ గోడల మీద ఏ పరమాణువులు ఉన్నాయన్నదే అసలు విషయం.

జిర్కోనియం, లాంథనం, ఇనుము వంటి లోహాల ఆక్సైడ్ల మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఫాస్ఫేట్ వాటిని పక్కకు నెట్టి, తన ఆక్సిజన్ ద్వారా నేరుగా లోహంతో బంధం ఏర్పరుచుకుంటుంది. రక్తంలో ఫాస్ఫేట్ లీటరుకు 1 నుంచి 2 మిల్లీమోళ్ళు ఉంటే క్లోరైడ్ 100 వరకు ఉంటుంది, అయినా క్లోరైడ్‌కు అలాంటి బంధం చేతకాదు కాబట్టి అది పెద్దగా అడ్డురాదు. లీటరుకు 24 మిల్లీమోళ్ళ దాకా ఉండే బైకార్బొనేట్ మాత్రం కొంత పోటీకి వస్తుంది. సముద్రతీరపు జిర్కాన్ ఇసుకను శుద్ధిచేసి, అణు ఇంధన కడ్డీల తొడుగులకు కావలసిన జిర్కోనియం తీసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ మన నగరంలోనే ఉంది. డయాలసిస్‌కు పనికొచ్చే ఆక్సైడ్‌కూ మూలం ఆ లోహమే అన్న సంగతి నాకు ఎప్పుడూ కొంచెం ముచ్చటగా ఉంటుంది.

ఇలాంటి పొడిని శుద్ధమైన ఫాస్ఫేట్ ద్రావణంలో వేసి కదిపి, వడకట్టి, ఆ నీటికి అమ్మోనియం మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపితే, ఫాస్ఫేట్ మిగిలి ఉన్నంత మేరకు నీలిరంగు తేలుతుంది. మంచి పొడి అయితే కాసేపట్లోనే నీరు ఏ రంగూ లేకుండా తేటగా ఉండిపోతుంది, ల్యాబులో అందరి ముఖాలూ వికసిస్తాయి. అదే పొడిని రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్ అల్బుమిన్, బైకార్బొనేట్, కాల్షియం కలిపిన ద్రావణంలో వేసి, తరువాత ప్రోటీన్‌ను ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో విరగ్గొట్టి తీసేసి చూస్తే, నీలం మళ్ళీ కనిపిస్తుంది. సుమారు ఏడెనిమిది నానోమీటర్ల పొడవుండే అల్బుమిన్ అణువు రెండు మూడు నానోమీటర్ల రంధ్రంలోకి దూరలేదు గానీ, దాని ముఖద్వారం దగ్గర అడ్డంగా కూర్చోగలదు. పత్రాల సారాంశాలలో మెరిసే అంకెలు మాత్రం చాలావరకు మొదటి రకం ద్రావణంలో, అదీ రక్తంలో ఎన్నడూ ఉండనంత గాఢత దగ్గర కొలిచినవి. పైగా కొందరు గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ అనీ, కొందరు ఫాస్ఫరస్ అనీ రాస్తారు. ఈ రెండింటికీ మూడు రెట్ల తేడా ఉంది కాబట్టి, ప్రమాణం చూడకుండా పట్టికలు పోల్చేవారిని చూస్తే నాకు చిరాకు వేస్తుంది.

2025లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి లోహ–సేంద్రియ చట్రాలకు, అంటే లోహాలను సేంద్రియ కడ్డీలతో కలిపి కట్టిన సూక్ష్మరంధ్రాల పదార్థాలకు, రావడంతో వాటి మీద కూడా ఆశలు పెరిగాయి. అయితే ఓస్లో విశ్వవిద్యాలయంలో పుట్టిన యూఐఓ-66 వంటి జిర్కోనియం చట్రాలలో ఫాస్ఫేట్ వచ్చి లోహానికి అతుక్కునేటప్పుడు, చట్రాన్ని నిలబెట్టే సేంద్రియ కడ్డీలనే ఊడగొట్టగలదు. వ్యర్థజలాల శుద్ధిలో దాన్ని సహించవచ్చునేమో గానీ, ఊడిన కడ్డీ, అంటే టెరెఫ్తాలిక్ ఆమ్లం, రోగి రక్తంలోకి పోతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? పొడి నుంచి రాలే నలుసులు, గడ్డకట్టే రక్తం, కాల్షియం కూడా తగ్గిపోయే ప్రమాదం, ఇవన్నీ రక్తం నేరుగా తాకే ఏ పదార్థానికైనా ఉన్న చిక్కులే.

ఇవన్నీ దాటిన పొడి దొరికిందనే అనుకుందాం. అప్పటికీ బాబాయి కోరిక తీరదు, ఎందుకంటే లోపం పొడిలో లేదు. శరీరంలోని ఫాస్ఫరస్‌లో సుమారు 85 శాతం ఎముకల్లో, దాదాపు మిగిలినదంతా కణాల లోపల ఉంటుంది. కణాల వెలుపల, అంటే రక్తంతో సహా, ఉండేది 1 శాతమే. డయాలసిస్ మొదలైన మొదటి గంట, గంటన్నరలోనే రక్తంలోని ఫాస్ఫేట్ బాగా పడిపోయి, ఆ తరువాత దాదాపు ఒకే చోట నిలిచిపోతుంది, యంత్రం ఆపిన కొన్ని గంటలకు మళ్ళీ పైకి లేస్తుంది. ఊట బావిని ఎంత పెద్ద మోటారు పెట్టి తోడినా ఊరే వేగాన్ని మించి నీరు రానట్టే, కణాల నుంచి ఫాస్ఫేట్ బయటకు వచ్చే వేగమే ఇక్కడ హద్దు. డయాలసిస్ యంత్రంలో రక్తాన్ని వడగట్టే భాగాలైన ఇప్పటి డయలైజర్లే తమ గుండా పోయే రక్తంలోంచి చాలా భాగం ఫాస్ఫేట్ తీసేస్తున్నాయి. దానికి తోడుగా ఇంకో గొట్టం తగిలిస్తే కలిసొచ్చేది కొద్దిగానే.

ఒక్కో విడతలో బయటకు పోయే ఫాస్ఫరస్ సుమారు 800 మిల్లీగ్రాములు, వారానికి 2,400. రోజుకు 1,000 మిల్లీగ్రాములు తింటే అందులో 600 వరకు ఒంటికి పడుతుంది, వారానికి 4,200. తొలగింపులోని ఈ లోటును పూడ్చడానికే మాత్రలు, పథ్యం. శీతల పానీయాలలోనూ నిల్వ మాంసాలలోనూ కలిపే ఫాస్ఫేట్ దాదాపు పూర్తిగా ఒంటికి పడుతుంది, పప్పుల్లో ఉండే దానిలో చాలా భాగం పట్టదు. పప్పు పూర్తిగా మానిపించి కూల్‌డ్రింకును పట్టించుకోని ఇళ్ళు నేను చూశాను. ఇక వారానికి రెండు విడతలతోనే సరిపెట్టుకునేవారు మన దగ్గర తక్కువేమీ లేరు, వారి లోటు ఇంకా పెద్దది.

రాత్రంతా, వారంలో ఐదారు రోజులు నెమ్మదిగా డయాలసిస్ చేసుకునేవారి విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. వారిలో చాలామందికి మాత్రల అవసరం ఉండదు, కొందరికైతే డయాలసిస్ ద్రవంలోకే ఫాస్ఫేట్ కలపవలసి వస్తుంది. కావలసింది సమయం. ఆ సమయాన్ని ఆసుపత్రి మంచం మీద కాక ఇంట్లో సంపాదించడానికే ఈ పొడులు పనికొస్తాయని, వాటి చోటు రక్తం వైపు కాదు, డయలైజరులో రక్తాన్నీ డయాలసిస్ ద్రవాన్నీ వేరుచేసే పొరకు అవతల, ద్రవం వైపు అని నా అభిప్రాయం. 1970లలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన రెడీ అనే వ్యవస్థ చేసింది ఇదే. యూరియాను విడగొట్టే ఎంజైమ్ యూరియేజ్, జిర్కోనియం ఫాస్ఫేట్, జిర్కోనియం ఆక్సైడ్, బొగ్గు పొరలు పొరలుగా నింపిన డబ్బా గుండా సుమారు ఆరు లీటర్ల ద్రవాన్నే తిప్పి తిప్పి వాడేవారు. మామూలు పద్ధతిలో నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రవం కావాలి, దాన్ని తయారుచేయడానికి ఆర్వో యంత్రం వదిలేసే నీరు దీనికి అదనం. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీలో, ఇంట్లో ప్రతి రాత్రీ డయాలసిస్ అంటే మొదట అడ్డం వచ్చేది ఈ నీరే.

రోజుకు ఒంటికి పట్టే 600 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అంటే ఫాస్ఫేట్ రూపంలో దాదాపు 1,840 మిల్లీగ్రాములు. డయాలసిస్ ద్రవంలో ఉండే పలుచని గాఢత దగ్గర, బైకార్బొనేట్ పోటీని తట్టుకుని, గ్రాముకు 50 మిల్లీగ్రాములు పట్టగల పొడి ఉంటే 37 గ్రాములు చాలు. ఆ 37 గ్రాములను క్షారద్రావణంతో కడిగి మర్నాటి రాత్రికి మళ్ళీ వాడుకోగలమా, ఎన్ని కడుగుళ్ళ తరువాత దాని పట్టు సగానికి పడిపోతుంది అన్న పట్టికను పత్రాలలో మొదటి పుటలోనే చూడాలని నా కోరిక.