ధవళేశ్వరం చేరేలోగా నిద్రొచ్చింది

రెండేళ్ల కిందట ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక వ్యాసం రాసి, నెల రోజులు శ్రమపడి వివరాలు సేకరించానన్న ధీమాతో మొదట మా బావకు పంపాను. అమలాపురంలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావ నాకన్నా పదేళ్లు పెద్ద. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి. సాయంత్రం ఫోను చేసి, "బాగానే రాశావురా, కానీ గోదావరి ధవళేశ్వరం చేరేలోగా నాకు నిద్రొచ్చేసింది" అన్నాడు.

కోపం వచ్చిన మాట నిజమే. కోపం తగ్గాక వ్యాసం తీసి చూసుకుంటే, త్ర్యంబకం దగ్గర నది పుట్టుకతో మొదలుపెట్టి, 1,465 కిలోమీటర్ల ప్రయాణాన్ని ఉపనదులతో సహా వర్ణించి, మన సంస్కృతిలో నదుల స్థానం గురించి మరో పేరా నింపి, ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను మూడో పేజీలో గానీ తీసుకురాలేదని తెలిసింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ గోదావరి గట్టున పుట్టి పెరిగిన పాఠకుడికి గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే.

రెండోసారి రాసే ముందు పుస్తకాలు పక్కన పెట్టి, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో కాలువలో నీటి మట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ పడవలను దాటించే మా ఊరి లాకుల దగ్గరకు వెళ్లి ఒక పూట కూర్చున్నాను. కాలువ అడుగున మిగిలిన బురదలో పిల్లలు చేపల కోసం తడుముతున్నారు. లాకు గోడ రాళ్ల మీద, నీళ్లు ఎంతవరకు ఉండేవో చెప్పే పచ్చటి చార ఎండిపోయి పొట్టు రాలుతోంది. లాకులు చూసుకునే లస్కరు తలుపుల పళ్ల చక్రాలకు గ్రీజు పూస్తూ, ఊరి మంచినీళ్ల చెరువు ముందే నింపుకోకపోయి ఉంటే ఈ పాటికి బిందెల కొట్లాటలు మొదలయ్యేవన్నాడు. కొత్త వ్యాసం అతని గ్రీజు చేతుల దగ్గర మొదలైంది. కొన్ని వారాలు కాలువ ఆగితేనే ఇలా ఉంటే, కాలువలే లేని 1832-33 నాటి నందన కరువు ఎలా గడిచిందన్న ప్రశ్న చదివేవాడికి తనంతట తానే తడుతుంది. ఆ ప్రశ్న తట్టిన తరువాత, 1847లో మొదలైన ఆనకట్ట పని 1852లో పూర్తయిందన్న ముక్క పరీక్ష కోసం బట్టీపట్టే అంకెలా కాక, ఎదురుచూసిన జవాబులా వినిపిస్తుంది. డెల్టాలో ఊరూరా కాటన్ విగ్రహం ఎందుకుందో చెప్పడానికి విడిగా పొగడ్తలు అక్కర్లేకపోయింది.

శీర్షిక విషయంలోనూ ఒకసారి దెబ్బతిన్నాను. "కోనసీమ దాచుకున్న రహస్యం" అని పెట్టిన వ్యాసంలో ఉన్నది ఆత్రేయపురం పూతరేకుల తయారీ. బోర్లించిన వేడి కుండ మీద, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను పరిచి లాగితే క్షణాల్లో రేకు లేస్తుందన్నది అక్కడ ఇంటింటా తెలిసిన పని. ఇందులో రహస్యం ఏముందండీ అని ఒకావిడ ఎంతో మర్యాదగా అడిగారు. మా వైపు ఆ "అండీ"లో తిట్టు కూడా ఇమిడిపోతుంది.

మాటల ఎంపికలో మాత్రం నేను మొండివాణ్నే. కోటిపల్లి రేవులో దాటించేదాన్ని మేము పంటు అంటాం. అనంతపురం పాఠకుడికి ఆ మాట తెలియకపోవచ్చునని దాన్ని తీసేయలేను. పడవల మీద చెక్కలు పరిచి కట్టిన పంటు, మోటారు సైకిళ్లనూ పాల క్యాన్లనూ పెళ్లివారినీ ఒకేసారి మోస్తూ ముక్తేశ్వరం వైపు కదిలిందని రాస్తే, అర్థం విడిగా చెప్పే పని ఉండదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించి, చెప్పదలచిన సంస్కరణను ఉపన్యాసాలకే పరిమితం చేయక నవ్వించే ప్రహసనాలుగా కూడా రాసింది ఎదుటివాడి ఓపికను ఎరిగినందువల్లనే అని నా నమ్మకం.

తిరగరాసిన వ్యాసం కూడా బావకే మొదట పంపాను. ఈసారి బాగుందనీ అనలేదు, నిద్రొచ్చిందనీ అనలేదు. "ఆ లస్కరు ఎవర్రా, మా నాన్నకు తెలిసిన కుటుంబమేమో" అని అడిగి, తన చిన్నతనంలో కొబ్బరికాయల పడవ లాకులో ఇరుక్కున్నట్టు నిలబడి, నీళ్లు నిండేకొద్దీ గట్టు మీద నుంచున్న తన కళ్ల ఎత్తుకు ఎలా లేచి వచ్చేదో అరగంట సేపు చెప్పాడు. నా వ్యాసంలో ఆ పడవ లేదు. మర్నాడే చేర్చాను.