ఖష్‌ఖష్ అంటే గసాలట

2024లో అమ్మను హజ్‌కు తీసుకెళ్లాను. తీసుకెళ్లానని నేను చెప్పుకుంటాను గానీ, కాగితాల ప్రకారం ఆమే నన్ను తీసుకెళ్లింది. ఆ ఏడు డెబ్భై దాటినవాళ్లకు హజ్ కమిటీ డ్రా లేకుండా సీటిచ్చి, తోడుగా ఒకరిని తెచ్చుకోమంది. అమ్మకు 72. ఆ తోడు నేను.

మేం దూదేకులవాళ్లం, నంద్యాల దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే. అమ్మకు నమాజులో చదివే సూరాలు నోటికి వచ్చు, ఉర్దూ మాత్రం రాదు. నాకు బజారులో పని జరుపుకునేంత వచ్చు. హజ్‌కు ముందు జరిగే తర్బియత్ క్యాంపులేమో, అంటే శిక్షణ తరగతులు, ఉర్దూలోనే. పైగా ఆడవాళ్లు పరదా అవతల కూర్చుంటారు. అందుకని తిరిగొచ్చేటప్పుడు బండి మీద నేను అమ్మకు తెలుగులో చెప్పుకుంటూ వచ్చేవాణ్ని. సగం గాలికి పోయేది.

ఆ గాలికి పోకుండా అమ్మ చెవిన పడింది ఒక మాట. హజ్‌లో గొడవ పడకూడదు, పోయేముందే అప్పులు తీర్చాలి, ఎవరి మనసైనా నొప్పించి ఉంటే మాఫీ అడగాలి అని. తీసుకుపోకూడని వస్తువుల జాబితా కూడా చెప్పారు. అందులో ఖష్‌ఖష్ అని ఒకటుంది.

"అంటే ఏందిరా?" అంది అమ్మ.

"ఏదో మత్తుమందులేమ్మా. మనకెందుకు" అన్నాను. నాకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే అత్తోళ్లింటికి బండి తియ్యమంది. అత్తంటే నాన్న చెల్లెలు. పెరటి గోడ దగ్గర మాటామాటా పెరిగి తొమ్మిదేళ్లయింది. పెళ్లిళ్లలో కూడా ఒకే బంతిలో కూర్చోరు. నేను అరుగు మీదే ఆగిపోయాను. అమ్మ గడప దగ్గర నిలబడి, "హజ్‌కు పోతాండా. నా వల్ల ఏమన్నా తప్పుంటే మాఫ్ చెయ్యమ్మా" అంది.

అత్త చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"గోడ సంగతా?"

"గోడ సంగతీ."

"ఆ గోడ పోయిన వానకే సగం పడిపోయింది గదా వదినా. ఇంకేం మాఫీ. కూచో, టీ పెడతా."

అంతే. తొమ్మిదేళ్ల పగ ఒక టీ గ్లాసులో అయిపోయింది. మూడో రోజు అత్తే మా ఇంటికొచ్చింది, చేతిలో హార్లిక్స్ సీసా. ధనియాలు, చెక్కా లవంగం, ఎండుకొబ్బరి వేయించి రోట్లో దంచిన మసాలా పొడి. "అక్కడ వంట మీరే చేసుకుంటారంట గదా. చప్పిడి కూరలు తినలేవు నువ్వు" అని అమ్మ చేతిలో పెట్టి వెళ్లింది.

ఇక సర్దుడు. మనిషికి 20 కిలోల పెట్టెలు రెండు, చేతిసంచి 7 కిలోలు. వినడానికి చాలా ఎక్కువ. నలభై రోజులకు సర్దడానికి కూర్చుంటే గానీ తెలియదు, పెట్టె బరువే నాలుగు కిలోలుంటుందని. కిరాణా కొట్టు నుంచి కొక్కెం కాటా తెచ్చి దూలానికి కట్టాం.

మొదట ఇహ్రామ్, అంటే హజ్‌లో కట్టుకునే బట్ట. మగవాళ్లకు కుట్టు లేని రెండు తెల్లటి గుడ్డలు, ఒకటి నడుముకు, ఒకటి భుజాల మీదికి. లుంగీ కట్టేవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. తీరా కట్టి చూస్తే, మన లుంగీ రెండు అంచులూ కలిపి కుట్టి ఉంటుంది, ఇది ముందు తెరుచుకుపోతుంది. నాలుగడుగులకే జారింది. పిల్లలు ఒకటే నవ్వు. వెడల్పుగా చుట్టి, అంచు రెండు మడతలు కిందికి తిప్పి, పైన బెల్టు బిగిస్తే అప్పుడు నిలిచింది. వారం పాటు సాయంత్రాలు అదే కట్టుకుని ఇంట్లో తిరిగాను. వెళ్లేవాళ్లెవరైనా ఉంటే చెబుతున్నా, రెండు జతలు తీసుకోండి, తొడలు ఒరుసుకుపోకుండా వాసన లేని వాజలీన్ పెట్టుకోండి. ఇహ్రామ్‌లో ఉన్నంతసేపూ సువాసన కూడదు కాబట్టి సబ్బు కూడా వాసన లేనిదే కావాలి. దానికోసం నంద్యాలలో నాలుగు కొట్లు తిరిగాను.

అమ్మ పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు. ఆడవాళ్లకు ఇహ్రామంటూ వేరే గుడ్డ లేదు, ఒళ్లంతా కప్పే మామూలు బట్టలే. ముఖం మీద మాత్రం ముసుగు ఉండకూడదు. జనంలో చీర కుచ్చిళ్లు తొక్కుకుంటారని నూలుగుడ్డతో పొడుగు గౌన్లు మూడు కుట్టించాం. అద్దంలో చూసుకుని, "ఈ వయసులో నాకు గౌనేందిరా" అని కాసేపు సిగ్గుపడింది. ఆ మిగిలిన గుడ్డతోనే చిన్న సంచి ఒకటి కుట్టుకుంది, షైతాన్ గుర్తుగా ఉండే స్తంభాల మీదికి విసరడానికి ముజ్దలిఫా మైదానంలో ఏరే రాళ్లకు. మొదటి రోజు ఏడు, తర్వాత రెండు రోజులు ఇరవై ఒకటి చొప్పున, మొత్తం నలభై తొమ్మిది. దూది ఏకిన ఇంటి కోడలు కదా, ఆ కుట్టు చూస్తే రాళ్లు కాదు, నీళ్లు పోసినా కారవేమో.

బయల్దేరే ముందు రాత్రి అమ్మ పెట్టె 21 కిలోలు తూగింది. ఏం తీయాలా అని చూస్తుంటే మా ఆవిడ ఆ జాబితా కాగితం ముందేసుకుని, "ఇందులో ఖష్‌ఖష్ అని ఉంది, అదేంది?" అంది. ఈసారి ఊహించడానికి ధైర్యం చాలక నంద్యాలలో ఉర్దూ మాట్లాడే స్నేహితుడికి ఫోన్ చేశాను.

"గసాలు రా" అన్నాడు వాడు. "నల్లమందు మొక్క గింజలు గదా. అక్కడ దొరికితే జైలే."

ఇంట్లో అందరం హార్లిక్స్ సీసా వైపు చూశాం. మా వైపు గసాలు వేయకుండా మసాలా నూరే ఇల్లుందా!

"జల్లెడ పడితే?" అంది అమ్మ.

"పొడమ్మా అది."

అమ్మ సీసా తీసి, మూత మళ్లీ బిగించి, వంటింట్లో అలమరలో పెట్టింది. పెట్టె 20 కిలోలకు వచ్చింది. "అత్తకు చెప్పొద్దులే" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు.

కర్నూలు మీదుగా హైదరాబాద్, నాంపల్లి హజ్ హౌస్. మా విమానం నేరుగా జిద్దాకు. కాబట్టి ఇక్కడే స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకోవాలి. చేతికి స్టీలు కడియం తొడిగారు. విమానంలో, ఇహ్రామ్ లేకుండా దాటకూడని యలమ్‌లమ్ హద్దు దగ్గర పడుతోందని చెప్పగానే అమ్మ చేతిసంచిలోంచి నోట్‌బుక్ తీసింది. నేను తెలుగు అక్షరాల్లో రాసిచ్చిన దువాలు, అంటే ప్రార్థనలు. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, "లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్" అని మొదలుపెట్టింది. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, తానూ అందుకున్నాడు.

మక్కాలో మేం దిగిన పేట అజీజియా. అక్కడ మా బిల్డింగ్ కింద పెట్టెల కుప్ప పోసి ఉంది. గుర్తుకని మా ఆవిడ ఎర్ర రిబ్బను కట్టింది. కుప్పలో సగం పెట్టెలకు ఎర్ర రిబ్బన్లే.

తెచ్చినవాటిలో పనికొచ్చినవి చెప్పాలంటే గొడుగు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్లు చిమ్ముకునే స్ప్రే సీసా. పండగ మర్నాడు, జూన్ 17న, మక్కాలో 51.8 డిగ్రీలు. రాయలసీమ ఎండ చూసినవాణ్ని, ఆ వేడి వేరు. నేల లోంచి కూడా వస్తుంది. రాళ్లు వేసొచ్చే దారిలో అమ్మ తల మీద గొడుగు పట్టి, పది అడుగులకొకసారి ముఖాన నీళ్లు కొట్టాను. ఆ ఏడాది 1,301 మంది చనిపోయారని తర్వాత సౌదీ ప్రభుత్వం చెప్పింది. ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, నీడ లేకుండా నడిచినవాళ్లు.

ఆ చావుల వార్తలు అప్పటికే మన టీవీల్లో రావడంతో ఊరి నుంచి ఒకటే ఫోన్లు. హాజీలు డేరాల్లో ఉండే మినా నుంచి గదికి తిరిగొచ్చిన సాయంత్రం అత్త చేసింది. స్పీకర్ పెట్టాను.

"వదినా, బాగుండావా? ఎండకు తట్టుకుంటాండావా?"

"బాగుండా. వీడు దగ్గరుండి చూసుకుంటాండాడు."

"తినబుద్ధి అవుతాందా? నా పొడి వేసుకుంటాండారా?"

నేను అమ్మకు తలూపి సైగ చేశాను, అవునని చెప్పమని. అమ్మ నా వైపు చూసి, ఫోన్ దగ్గరికి జరిగింది.

"నీ పొడి ఇంట్లోనే ఉందమ్మా. గసాలు తెస్తే ఇక్కడ పోలీసోళ్లు పట్టుకుంటారంట. హజ్‌కొచ్చి నీతో అబద్ధం ఎట్లా ఆడేది."

అవతల కాసేపు చప్పుడు లేదు. అయిపోయింది, మళ్లీ తొమ్మిదేళ్లు అనుకున్నాను.

"అయితే కోడలికి ఫోన్ చేసి ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పు" అంది అత్త. "అందులో కొబ్బరి వేసిండా, ముక్క వాసనొస్తుంది."