బెజవాడ ఎండల్లో ఇంట్లోనే ప్రింట్లు కడగడం: నా అనుభవం

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఇంట్లో కడుక్కోవడం నాకు అలవాటే. ఆ ఫిల్ములోని బొమ్మల్ని కాగితం మీదికి తెచ్చే ప్రింట్ల దగ్గరికి వచ్చేసరికి డెవలపర్, అంటే పేపర్ మీద బొమ్మను పైకి తెచ్చే మందు, కష్టం మొదలైంది. తయారు ప్యాకెట్టు మా ఊళ్లో దొరకలేదు, బయటి నుంచి తెప్పిస్తే కొరియర్ ఖర్చు మోపెడు. అందుకని పొడులు విడివిడిగా కొని కోడాక్ కంపెనీ డి-72 ఫార్ములా ప్రకారం పేపర్ డెవలపర్ సొంతంగా కలుపుకుంటున్నాను. ఇప్పుడు ప్యాకెట్టు దొరికినా కొనను. ఏ పొడి ఏం చేస్తుందో తెలిశాక ప్రింటు మీద పట్టు వచ్చింది.

లీటరుకు లెక్క ఇది: మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బొనేట్ మోనోహైడ్రేట్ 80, పొటాషియం బ్రోమైడ్ 2. మెటాల్, హైడ్రోక్వినోన్ బొమ్మను తెచ్చేవి, సల్ఫైట్ వాటిని గాలి నుంచి కాపాడేది, కార్బొనేట్ వాటి పనికి ఊపునిచ్చేది, బ్రోమైడ్ తెలుపును మసకబారనివ్వనిది. కార్బొనేట్ దగ్గర జాగ్రత్త. నీటి అంశం లేని అన్‌హైడ్రస్ రకమైతే 68 గ్రాములు చాలు. సీసా మీద ఏ రకమో చదవకుండా తూచకూడదు. తూకానికి 0.1 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా వాడతాను.

కలిపే వరుస నాకు చెప్పింది ఒకప్పుడు స్టూడియో నడిపిన మా వీధి బాబాయ్. ఊటీలో తయారైన ఇందు బ్రాండు ఫొటో పేపర్ మీద పెళ్లి ఫొటోలు కడిగిన చెయ్యి ఆయనది. "ముందు మెటాల్ కరగాలిరా. సల్ఫైట్ అంతా ముందే పోశావంటే మెటాల్ మొండికేస్తుంది" అన్నారు. చిక్కటి సల్ఫైట్ నీళ్లలో మెటాల్ సరిగా కరగదు. అలాగని ఉత్త నీళ్లలో వేస్తే గాలి తగిలి పాడవుతుంది. అందుకే చిటికెడు సల్ఫైట్ ముందు వేసి, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్, కార్బొనేట్, బ్రోమైడ్ వరసగా వేస్తాను. నీళ్లు 750 మిల్లీలీటర్లు, 50 డిగ్రీల వేడి. అన్నీ కరిగాక చల్లటి నీళ్లతో లీటరు చేస్తాను. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, కార్బొనేట్ పడగానే తెల్లగా విరిగిపోతాయి. అందుకని డిస్టిల్డ్ వాటరే వాడతాను. గిన్నె స్టీలుదో గాజుదో కావాలి. అల్యూమినియం అసలు పనికిరాదు, కార్బొనేట్ దాన్ని తినేస్తుంది. మెటాల్ కొందరి చర్మానికి పడదు, అందుకని చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వంటింటి సామాన్లు ఈ పనికి ముట్టుకోను.

అసలు పోరు వేడితోనే. ఒక వంతు డెవలపర్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర వాడాలి. మే నెలలో మా బాత్రూమ్ కుళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్లే. ఆ వేడికి బొమ్మ గబుక్కున పైకొస్తుంది, తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు పాకుతుంది. ఐసు ముక్కలు ట్రేలో వేస్తే డెవలపర్ పలచబడుతుంది. అందుకని వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, డెవలపర్ ట్రేని అందులో ఉంచి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు దాని పక్కన పెడతాను. థర్మామీటర్ ట్రేలోనే ఉంటుంది. మరీ చల్లబడినా చిక్కే, 13 డిగ్రీల కిందికి దిగితే హైడ్రోక్వినోన్ దాదాపు పని మానేస్తుంది, ముదురు నలుపు రాదు.

పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒక చిన్న పరీక్ష చేస్తాను. పేపర్ ముక్కకు మామూలు లైటు బాగా చూపించి, సగం వరకే డెవలపర్‌లో రెండు నిమిషాలు ముంచుతాను. ముంచిన సగం కాటుక నల్లగా రావాలి. గోధుమరంగు తిరిగిన నలుపో, మచ్చలో కనిపిస్తే ఆ ట్రే పారబోస్తాను. చీకటి గదిలో పేపర్ పాడవకుండా వెలుగు కోసం పెట్టుకునే ఎర్ర బల్బుకూ పరీక్ష ఉంది. దాని కింద పేపర్ మీద రూపాయి బిళ్ల ఐదు నిమిషాలు ఉంచి కడిగితే బిళ్ల గుర్తు పడకూడదు.

ఇక ప్రింటు. ఎన్‌లార్జర్ అనే యంత్రం ఫిల్ములోని బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వెలుగుగా వేస్తుంది. ఆ పేపర్ ట్రేలోకి జారగానే ట్రే మూల ఎత్తి దించుతూ ఉంటాను. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత గుమ్మం నీడ, తలవెంట్రుకలు ముందు తేలతాయి, ముఖం చివరికి వస్తుంది. నల్లగా అయిపోతోందని టెన్షన్ పడి మధ్యలో తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. నేను వాడే ప్లాస్టిక్ పూత పేపర్‌కు నిమిషంన్నర, ఆ పూత లేని ఫైబర్ పేపర్‌కు రెండు నిమిషాలు పూర్తిగా ఇస్తాను. నల్లదనం ఎక్కువైతే ఎన్‌లార్జర్ దగ్గర వెలుగు తగ్గిస్తాను, డెవలపర్ సమయం జోలికి వెళ్లను. ఎర్ర వెలుగులో ప్రింటు ఎప్పుడూ ఉన్నదానికన్నా ముదురుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మి తీస్తే బయట చూసేసరికి వెలవెలబోతుంది. ఫైబర్ పేపర్ ఆరాక మాత్రం కొంచెం నల్లబడుతుంది, దానికి తగ్గట్టు వెలుగు కాస్త తగ్గించి వేస్తాను.

మిగిలిన డెవలపర్‌ను గోధుమరంగు సీసాల్లో మూత దాకా నింపి తేదీ రాస్తాను. సీసా నిండుగా ఉంటే నెలల తరబడి నిలుస్తుంది, సగం ఖాళీ అయితే గాలికి త్వరగా పాడవుతుంది. అందుకే పెద్ద సీసా కన్నా పావు లీటరువి నాలుగు మేలు. ట్రేలో నీళ్లు కలిపినది మాత్రం ఆ రోజుతో సరి.