జర్నల్ క్లబ్‌లో ఒక పటం ముందు

మా విభాగంలో పరిశోధక విద్యార్థుల కోసం కంప్యుటేషనల్ బయాలజీ (కంప్యూటర్ లెక్కలతో జీవశాస్త్రాన్ని అధ్యయనం చేసే రంగం) జర్నల్ క్లబ్‌ను, అంటే పరిశోధన పత్రాలు కలిసి చదివి చర్చించే బృందాన్ని, రెండేళ్లుగా నడుపుతున్నాను. మొదట్లో వారానికి రెండు పత్రాల సారాంశాలు చెప్పించి ముగించేవాళ్లం. అది చదవడం కాదని నాకు త్వరలోనే అర్థమైంది. ఇప్పుడు ఒకే పత్రం చదువుతాం, ఒక్కోసారి అందులోని ఒకే పటం ముందు గంటసేపు కూర్చుంటాం.

2021లో నేచర్ పత్రికలో వచ్చిన, ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ గురించిన పత్రాన్ని చదివిన రోజు, తెర మీది ప్రోటీన్ నమూనాలో నారింజ రంగు తీగలా వేలాడుతున్న భాగాన్ని చూసి, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చిన విద్యార్థిని అది ప్రోగ్రాం తప్పిదమా అని అడిగింది. పీఎల్‌డీడీటీ స్కోరు 50 కంటే తక్కువున్న చోట ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఆ రంగు చూపిస్తుందని, అలాంటి భాగానికి చాలాసార్లు స్థిరమైన ఆకారమే ఉండదని జీవశాస్త్ర విద్యార్థి ఒకరు వివరించారు. అయితే ఆ స్కోరు మోడల్ తన అంచనాను తానే ఎంత నమ్ముతోందో 0 నుంచి 100 వరకు చెప్పేదే తప్ప, ప్రయోగశాలలో కొలిచినది కాదని ప్రశ్న అడిగిన విద్యార్థిని వెంటనే గుర్తు చేసింది. ఇలా ఒకరి చదువు మరొకరికి అందే క్షణం కోసమే నేను ప్రతి వారం ఎదురుచూస్తాను. అసలు పద్ధతి వివరాలు పత్రానికి జతచేసే అనుబంధంలోనే ఉంటాయి కనుక, దాన్ని చదివి రావాలన్నదొక్కటే నేను పెట్టిన నియమం.

వచ్చే వారం జన్యు, ప్రోటీన్ క్రమాలను పోల్చే బ్లాస్ట్ అనే ప్రోగ్రాం గురించిన 1990 నాటి పత్రం చదువుతున్నాం.