నాన్న చెయ్యి

అంబాజీపేటలో మా నాన్న గునపానికి గుచ్చి తిప్పితే మూడు దెబ్బల్లో కొబ్బరిపీచు ఊడొచ్చేది. ఇప్పుడు ఊరికే కూర్చున్నా కుడిచేతి వేళ్లు బీడీ చుడుతున్నట్టు ఆడతాయి. పార్కిన్సన్స్. మెదడులో కదలికల్ని అదుపుచేసే స్ట్రయేటమ్ అనే చోట ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి పగ్గం వేసేది డోపమైన్ అనే ఇంకో రసాయనం. అది తయారుచేసే కణాలు చచ్చిపోతే పగ్గం తెగినట్టే. (ఈ రెండూ తక్కెడలా ఉంటాయంటారుగానీ అంత సులువు కాదు, ఎసిటైల్‌కోలిన్ కూడా డోపమైన్‌ని విడుదల చేయించగలదు.)

అందుకే ముందు ట్రైహెక్సిఫెనిడిల్ ఇచ్చారు, ఎసిటైల్‌కోలిన్‌ని అణచడానికి. వణుకు తగ్గింది. నోరెండిపోయేది. ఓ మధ్యాహ్నం గ్లాసు చేతిలో పెట్టుకునే "మజ్జిగేదిరా?" అన్నారు. జ్ఞాపకానికీ ఆ ఎసిటైల్‌కోలినే కావాలి మరి! డెబ్బై దాటినాయనకి ఆ మాత్రేంటో.

ఇప్పుడు లెవోడోపా, మెదడులోకెళ్లి డోపమైన్‌గా మారే మందు. మన దూలగొండి గింజల్లో ఉండేదీ అదే. నిన్న గునపం దగ్గరికెళ్లారు. ఒక కాయ, ఆరు దెబ్బలు.