కోడలి ముగ్గుల ఛానెల్‌కి బొమ్మ చేసిపెట్టాను

మా కోడలు యూట్యూబ్‌లో ముగ్గుల ఛానెల్ పెట్టింది. వీడియోలు బానే ఉన్నాయి, చూసేవాళ్ళూ ఉన్నారు. కానీ ఛానెల్ పేరు పక్కన బొమ్మ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరం ఒకటి వెలవెలబోతూ ఉండేది. "మావయ్యగారూ, మీకు కంప్యూటర్ వచ్చు కదా, అక్కడ పెట్టడానికి మంచి బొమ్మ ఒకటి చేసిపెట్టరా?" అంది. కరెంటాఫీసులో బిల్లింగ్ సెక్షన్ చూసి రిటైరైనవాణ్ణి. ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో అందరికంటే ముందు మౌస్ పట్టుకున్నది నేనే. సరేనన్నాను. ఆ బొమ్మ నిన్న రాత్రి ఎక్కింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

నేను వాడింది గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్‌కి నెలనెలా చందా కట్టాలి, నా పెన్షన్ అందుకు కాదు. గింప్ పూర్తిగా ఉచితం. బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెడితే 1996లో జనంలోకి వచ్చింది. దించుకోవడానికీ, ఇన్‌స్టాల్ చేయడానికీ ఏ ఇబ్బందీ లేదు.

యూట్యూబ్ వాళ్ళు 800 పిక్సెళ్ళ (తెరమీది చిన్న చుక్కల) పొడవు, 800 వెడల్పు ఉన్న బొమ్మ పెట్టమంటారు. చూపించేది మాత్రం 98కి 98. పైగా గుండ్రంగా కోసి చూపిస్తారు, నాలుగు మూలలూ పోతాయి. కోడలేమో 15 చుక్కలు, 1 వచ్చే వరకు వేసిన పెద్ద మెలికల ముగ్గు ఫోటో ఇచ్చి, దానిమీద తన ఫోటో, ఛానెల్ పేరు, రెండు వైపులా దీపాలు కావాలంది. "అమ్మా, ఇది తపాలా బిళ్ళకన్నా చిన్నది" అని నచ్చజెప్పాను. 800లో 4 పిక్సెళ్ళ మందం ఉన్న గీత 98కి వచ్చేసరికి అర పిక్సెల్ అవుతుంది. అంటే గీత ఉండదు, బూడిదరంగు మసక మిగులుతుంది. చివరికి మూడు చుక్కలు, మూడు వరుసల చిన్న మెలికకి ఒప్పించాను. ఫోటో మీద, గీత దారిని గీసే పాత్ టూల్‌తో ఆ గీతని మళ్ళీ గీసి 20 పిక్సెళ్ళ మందం ఇచ్చాను. ఇక వెనక కుంకుమ రంగు, మధ్యలో పసుపు పచ్చని 'శ్రీ', అంతే.

గింప్‌లో బొమ్మలో గుండ్రటి భాగాన్ని ఎంచుకునేటప్పుడు (సెలెక్షన్) షిఫ్ట్ కీ ఎప్పుడు నొక్కాలో చూసుకోండి. మౌస్ లాగడం మొదలుపెట్టాక నొక్కితే సరైన వృత్తం వస్తుంది. ముందే నొక్కితే పాత సెలెక్షన్‌కి కొత్తది కలిసిపోతుంది.

ఇంతవరకూ హాయిగానే సాగింది. అసలు గొడవంతా 'శ్రీ' దగ్గరే.

పెళ్ళికార్డుల మీద వేస్తారే, తోక తిరిగిన శ్రీ, అలాంటిది కావాలని కోడలి కోరిక. అలాంటి ఫాంట్లు డీటీపీ షాపుల్లోనే ఉంటాయి కదా అని మా బజారులో ఉన్న షాపుకెళ్ళాను. అక్కడి కుర్రాడు తల కూడా ఎత్తకుండా టైప్ చేసి, వర్డ్ ఫైల్లో పెట్టి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. డబ్బులు తీసుకోవడానికి మాత్రం తల ఎత్తాడు. ఇంటికొచ్చి తెరిస్తే శ్రీ లేదు. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన డాలర్ లాంటి గుర్తు.

మళ్ళీ వెళ్ళాను. "మీ సిస్టంలో ఫాంట్ లేదంకుల్. కొనుక్కోవాలి" అన్నాడు. ఒక్క అక్షరం కోసం ఫాంటు కొనాలా? "పోనీ బొమ్మలా చేసివ్వు బాబూ" అంటే జేపెగ్ చేసిచ్చాడు. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, అంటే వెనక ఖాళీగా వదలడం కుదరదు. అక్షరం చుట్టూ తెల్లటి పెట్టె వచ్చింది. ఆ తెలుపుని తీసేద్దామంటే, జేపెగ్ కుదింపు వల్ల అంచుల్లో పేరుకున్న మురికి పోదు. నా కుంకుమ రంగు మీద పెట్టేసరికి శ్రీ చుట్టూ చుండ్రు రాలినట్టుంది.

ఈసారి వెళ్ళేసరికి షాపులో పెళ్ళివారున్నారు, కార్డు ప్రూఫు చూసుకుంటున్నారు. "వెనక తెలుపు లేకుండా పీఎన్‌జీ ఇవ్వు నాయనా" అన్నాను. "పీఎన్‌జీ అయితే ఎక్స్‌ట్రా అవుతుందంకుల్." ఫైల్ సేవ్ చేసేటప్పుడు వేరే రకం ఎంచుకోవడానికి ఎక్స్‌ట్రా ఏమిటయ్యా అని అడిగాను. వాడు కుర్చీ వెనక్కి వాల్చి, పెళ్ళివారికి వినపడేలా, "రిటైరయ్యాక ఇంట్లో హాయిగా టీవీ చూసుకోక ఇవన్నీ మీకెందుకంకుల్? కంప్యూటర్ ఉన్నంతమాత్రాన డిజైనింగ్ వచ్చేస్తుందా?" అన్నాడు. పెళ్ళికూతురి మేనమామ కాబోలు, కిసుక్కున నవ్వాడు.

నాకు చెవులు వేడెక్కాయి. ఏమనాలో తోచక స్క్రీన్ వైపు చూశాను. కార్డు నెత్తిన పెద్ద అక్షరాలతో 'ఆహ్హానం' అని ఉంది. "అయ్యా, మీ ఆహ్వానంలో వావత్తు లేదు, హావత్తు పడింది. ఎన్ని కార్డులు చెప్పారో ఏమో, అచ్చుకి వెళ్ళకముందే చూసుకోండి" అని గట్టిగానే చెప్పి మెట్లు దిగాను. వెనకనుంచి "ఏరా, ఇదేనా నువ్వు చూసింది?" అన్న కేక వినపడింది. ఆ రాత్రి అన్నం రుచిగా తిన్నాను.

వాడు చెప్పకుండా దాచింది ఇది. ఆ పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో దాగి ఉంటాయి. ఆ ఫాంట్ లేని మిషన్‌లో వేషం తీసేస్తాయి. యూనికోడ్ అంటే ఒక్కో భాష అక్షరాలకీ విడివిడిగా స్థానాలు కేటాయించిన పద్ధతి, అందులో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి సొంత స్థానాలున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో యూనికోడ్ తెలుగు ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి: రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్, పొన్నాల, సూరన్న, ఇంకా ఎన్నో. దించుకుని ఇన్‌స్టాల్ చేసి, గింప్ మూసి తెరిస్తే జాబితాలో కనిపిస్తాయి. శ్రీ అని ఫోన్‌లో కొట్టి, నాకు నేనే వాట్సాప్ చేసుకుని, కంప్యూటర్‌లో కాపీ చేసి అతికించాను. వత్తుతో సహా చక్కగా కూర్చుంది.

కాస్త పాత ఫోటోషాప్ వాడేవాళ్ళకి వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్ మార్చుకోవాలి. మరీ పాత వెర్షన్లలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అని, తర్వాతివాటిలో 'వరల్డ్ రెడీ' అని ఉంటుంది. మార్చాక కొత్త ఫైల్ తెరిచి టైప్ చేయండి.

సన్నగీతల ఫాంట్లు 98 పిక్సెళ్ళలో నిలవలేదు. రామభద్ర లావుగా ఉంటుంది, నిలిచింది. తోక తిరగలేదని కోడలు కాస్త మూతి ముడిచింది గానీ, ఫోన్‌లో చూపించాక ఒప్పుకుంది. అక్షరం చుట్టూ తెల్లంచు కోసం టెక్స్ట్ లేయర్ (అక్షరం ఉన్న పొర) మీద కుడి క్లిక్ చేసి, దాన్నుంచి పాత్ తయారుచేసి, ఆ పాత్ వెంట 24 పిక్సెళ్ళ స్ట్రోక్ (గీత) ఇచ్చాను. ఆ స్ట్రోక్ వేరే లేయర్‌లో, అక్షరం కింద ఉండాలి. పైన ఉంటే సగం మందం అక్షరం లోపలికి వచ్చి రావత్తు సందు మూసుకుపోతుంది. గింప్ 3లో అంచు సౌకర్యం టెక్స్ట్ టూల్‌లోనే వచ్చింది, నా దగ్గరున్నది పాతది.

సేవ్ కొడితే గింప్ తన సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలే ఇస్తుంది. పీఎన్‌జీ కావాలంటే ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్ యాజ్' నొక్కాలి. దీనికి ఎవరూ ఎక్స్‌ట్రా అడగరు. ఎక్స్‌సీఎఫ్ మాత్రం పారేయకండి, లేయర్లన్నీ అందులోనే ఉంటాయి.

దాని అవసరం అప్పుడే పడింది. సంక్రాంతి నెలకి శ్రీ పక్కన గొబ్బెమ్మ పెట్టమంటోంది కోడలు. పెడతాను గానీ, ఆ సైజులో గొబ్బెమ్మని ఎవరైనా మరోటి అనుకుంటే నాకు సంబంధం లేదని ముందే చెప్పేశాను.